నిజిసంజి ఇండియా రివ్యూ: ఎదిగింది కంపెనీ, శాఖ కాదు

తమ ముఖం బదులు కదిలే బొమ్మతో లైవ్ స్ట్రీమ్ చేసేవాళ్లే వీట్యూబర్లు. వీట్యూబర్లంటే జపాన్ ఏజెన్సీ హోలోలైవ్ ఒక్కటే తెలిసినవాళ్లకు నిజిసంజి ఇండియా పేరు కొత్తగా ఉండొచ్చు. జపాన్‌లోని పెద్ద వీట్యూబర్ ఏజెన్సీల్లో ఒకటి మన దేశం కోసం పెట్టిన శాఖ అది. 2020 మొదట్లో ఆద్య, నూర్, విహాన్‌లతో మొదలై 2021 ఏప్రిల్ 30న మూతపడింది. కళాకారులకు ఐదుకు నాలుగు, నడిపిన తీరుకు ఐదుకు ఒకటిన్నర ఇవ్వొచ్చు. మూసేసిన సర్వీసు గురించి ఇప్పుడెందుకంటే, హన్మకొండ, కాజీపేట హాస్టళ్లలో ఏజెన్సీ ఆడిషన్ ఫారాలు నింపే పిల్లలు, అభిమాన స్ట్రీమర్ల చానళ్లకు నెలనెలా మెంబర్‌షిప్ కట్టేవాళ్లు ముందుగా చూసుకోవాల్సినవన్నీ ఇందులో కనబడతాయి.

యాజమాన్యం మొదటి నుంచీ టోక్యోదే. తజుమి రికు వసేదా యూనివర్సిటీలో చదువుతూ 2017లో పెట్టిన ఇచికారా కంపెనీ 2018 ఫిబ్రవరిలో ఎనిమిది మందితో నిజిసంజిని తెచ్చింది. ఖరీదైన మోషన్ క్యాప్చర్ స్టూడియో అక్కర్లేదు, ఐఫోన్ ముందు కూర్చుంటే మన ముఖకవళికలతో పాటు లైవ్2డి (2డి బొమ్మను కదిలించే సాఫ్ట్‌వేర్) బొమ్మ కదులుతుంది. మనిషికయ్యే ఖర్చు తగ్గింది కాబట్టి ఎక్కువ మందిని తీసుకుని, నిలబడినవాళ్లతో ముందుకు పోయే వీలు దొరికింది. ఇండోనేషియా, కొరియా, ఇండియా శాఖలు ఆ ఊపులో పుట్టినవే. మన శాఖ మూసిన మరుసటి నెలలోనే, 2021 మేలో, ఆ కంపెనీ ఎనీకలర్‌గా పేరు మార్చుకుంది, ఇంగ్లిష్ శాఖను మొదలుపెట్టింది. 2022 జూన్‌లో టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. ఇండోనేషియా, కొరియా శాఖలను అదే ఏడు ప్రధాన నిజిసంజిలో కలిపేసింది.

కరోనా వల్లే ఆగిందంటే ఒప్పుకోలేం. హోలోలైవ్ ఇండోనేషియా కూడా సరిగ్గా ముగ్గురితో, 2020 ఏప్రిల్‌లో, కరోనా మధ్యలోనే మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో ఇంకో ముగ్గురు, 2022లో మరో ముగ్గురు వచ్చి తొమ్మిది మందయ్యారు. ఇక్కడ రెండో విడతే రాలేదు. పైగా విహాన్ ముందే తప్పుకోవడంతో ఇద్దరే మిగిలారు. గ్రూపు పెరిగేది కొలాబ్ స్ట్రీములతో, అంటే కలిసి చేసే లైవ్‌లతో. ఒకరి కోసం వచ్చినవాడు పక్కవాళ్ల చానల్ కూడా సబ్‌స్క్రైబ్ చేస్తాడు. ఇద్దరే ఉన్నచోట ఆ చక్రం తిరగదు.

పోనీ జపాన్‌లోని పెద్ద పేర్లతో కొలాబ్ చేద్దామంటే టైము కుదరదు. అక్కడ రాత్రి 9 అంటే మనకు సాయంత్రం 5:30. అప్పటికి మన పిల్లలు కాలేజీ బస్సుల్లోనో, ట్యూషన్లలోనో ఉంటారు. మనవాళ్లు తీరిగ్గా ఫోన్ పట్టుకునే రాత్రి 10కి అక్కడ 1:30 అవుతుంది. భాష సంగతి ఇంకా గట్టిది. ఇండోనేషియాలో ఒక్క భాషతో దేశమంతా అందుతుంది. ఇక్కడ స్ట్రీములు ఇంగ్లిష్, హిందీల్లో నడిచాయి. నర్సంపేటలో, జమ్మికుంటలో చూసేవాడికి పాట అందుతుంది కానీ చాట్‌లో నడిచే సరదా సగం జారిపోతుంది. తెలుగు మాట్లాడే ఒక్కరున్నా వేరేగా ఉండేది.

డబ్బు లెక్క చూద్దాం. పన్ను పోగా మెంబర్‌షిప్ సొమ్ము వంద రూపాయలనుకోండి. యూట్యూబ్ 30 ఉంచుకుని 70 ఇస్తుంది. ఏజెన్సీ ఒప్పందం సగం-సగం అయితే స్ట్రీమర్ చేతికి 35. ఐఫోన్ యాప్‌లో కడితే ఆపిల్ ఫీజు కూడా మధ్యలో పోతుంది కాబట్టి ఎప్పుడూ బ్రౌజర్లో కట్టండి. మన దేశంలో యాడ్ రేట్లు తక్కువ, సూపర్ చాట్ (లైవ్‌లో డబ్బు కట్టి పెట్టే మెసేజ్) అలవాటు అంతకన్నా తక్కువ. దూరంగా కూర్చుని లెక్కలు చూసే హెడ్డాఫీసుకు ఇలాంటి శాఖ ఖర్చుగానే కనబడుతుంది.

ఏజెన్సీ నుంచి బయటికొస్తే పేరు, బొమ్మ, చానల్ మామూలుగా కంపెనీకే పోతాయి. బొమ్మ మనదే అయితే చాలా? చాలదు. అమెరికాలోని వీట్యూబర్ ఏజెన్సీ వీషోజో తమ స్ట్రీమర్ల బొమ్మలు ఆ స్ట్రీమర్లవేనని గొప్పగా చెప్పుకుంది, 2022లో 1.1 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. 2025 జూలైలో ఆ ఏజెన్సీ స్ట్రీమర్ ఐరన్‌మౌస్ బయటికొచ్చి, తనకు రావాల్సిన డబ్బుతో పాటు చారిటీకి చేరాల్సిన 5 లక్షల డాలర్లకు పైగా అందలేదని చెప్పింది. కొద్ది రోజులకే కంపెనీ మూతపడింది. అందుకే ఒప్పందంలో బొమ్మ ఎవరిదో ఎంత జాగ్రత్తగా చదువుతారో, సొమ్ము ముందు ఎవరి ఖాతాలో పడుతుందో, ఎన్ని రోజుల్లో మీకు చేరుతుందో, శాఖ మూస్తే చానల్ ఏమవుతుందో కూడా అంతే గట్టిగా అడగండి. నోటిమాటగా చెబితే ఈమెయిల్లో పెట్టమనండి.

ఏజెన్సీ లేకుండానే చాలా దూరం వెళ్లొచ్చు. వీరాయిడ్ స్టూడియోలో 3డి బొమ్మ, వీసీఫేస్‌లో ముఖం ట్రాకింగ్, ఓబీఎస్‌లో స్ట్రీమ్, మూడూ ఉచితమే. 1080పీ, 30 ఫ్రేములకు బిట్‌రేట్ 4500 కేబీపీఎస్ పెట్టుకుని, అప్‌లోడ్ స్పీడు నిలకడగా 7, 8 ఎంబీపీఎస్ ఉండేలా చూసుకోండి. ట్యూబ్‌లైట్ కింద వెబ్‌క్యామ్‌లో చారలు కదిలి బొమ్మ కళ్లు ఊరికే కొట్టుకుంటుంటే కెమెరా సెట్టింగ్‌లో 60 హెర్ట్జ్‌ను 50కి మార్చండి, మన కరెంటు 50దే. మే నెలలో సీలింగ్ ఫ్యాన్ ఆపలేం, కండెన్సర్ మైకు ఆ చప్పుడంతా లాగేస్తుంది. డైనమిక్ మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెడితే చాలావరకు పోతుంది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది, ఆగేది రౌటరే. దానికో చిన్న యూపీఎస్ కొనండి.

500 సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 వీడియోలు, ఏడాదిలో 3,000 గంటల వీక్షణ ఉంటే యూట్యూబ్‌లో మెంబర్‌షిప్, సూపర్ చాట్ కోసం మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడిదాకా సొంతంగా వచ్చాక ఏ ఏజెన్సీ పిలిచినా, ఆ 70లో సగం తీసుకుని బదులుగా ఏమిస్తారో, ఏడాదిలో ఎంతమంది కొత్తవాళ్లను తెస్తారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.