టామియా 1/700 మికుమా: కిట్ బాగుంది, పేచీ అంతా చెన్నై గాలితోనే

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచాయి. జపాన్ అడ్మిరల్ ఒజావా నడిపిన అదే దళంలో ఉండి, ఆ రోజు బంగాళాఖాతంలో సరుకు ఓడలను వేటాడిన హెవీ క్రూజర్లలో (పెద్ద ఫిరంగుల యుద్ధనౌకల్లో) మికుమా ఒకటి. సరిగ్గా రెండు నెలలకు పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర మునిగిపోయింది. మన తీరంతో ఇంత సంబంధం ఉన్న ఓడ కనుక తెలుగువాళ్ళు కట్టడానికి ఇంతకంటే తగిన క్రూజర్ కిట్ కనబడదు.

ఇది టామియా కంపెనీ ప్లాస్టిక్ నమూనా, అసలు ఓడలో 700వ వంతు. వాటర్‌లైన్ కిట్, అంటే నీటిగీత పైభాగం మాత్రమే. పూర్తయ్యాక పొడవు 29 సెంటీమీటర్లకు కాస్త తక్కువ.

జాగ్రత్తగా చూడాల్సింది టరెట్లను, అంటే ఫిరంగులు బిగించిన తిరిగే గదులను. మికుమా 155 మి.మీ. ఫిరంగులు 15తో లైట్ క్రూజర్‌గా పుట్టింది. 1930 లండన్ ఒప్పందం లెక్కలో 155 దాటితేనే హెవీ. తర్వాత మూడు గొట్టాల టరెట్లు అయిదూ తీసేసి, 203 మి.మీ. జంట ఫిరంగుల టరెట్లు అయిదు పెట్టారు. కొత్త గొట్టాలు పొడవెక్కువ. ముందున్న రెండు టరెట్లూ ఒకే ఎత్తులో ఉండటంతో, రెండోదాని గొట్టాలు మొదటిదానికి తగలకుండా కొంచెం పైకెత్తి ఉంచేవారు. ఫొటోల్లో మికుమానూ దాని తోటి ఓడలనూ ఇట్టే పట్టించేది ఆ ఎత్తే. అందుకే జిగురు వేయకముందే రెండు టరెట్లనూ డెక్ మీద పెట్టి చూసుకోవాలి.

ఓడ మాస్టుల (నిలువు స్తంభాల) కాళ్ళు సన్నం. నిప్పర్‌తో (చిన్న కటింగ్ పట్టకారుతో) ముక్క పక్కనే కత్తిరిస్తే ఆ ఒత్తిడికి పుటుక్కుమంటాయి. ముందు స్ప్రూను (ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని) దూరంగా తెంచి, మిగిలిన మిల్లీమీటరు ముక్కను కొత్త బ్లేడుతో తీయాలి.

డెక్‌కు లినోలియం (డెక్ మీద పరిచిన పరుపు) గోధుమ రంగు, టామియా నంబరు ఎక్స్‌ఎఫ్-79, ముందే కొట్టాలి. ఆపైన డెక్ మీది చిన్న చిన్న సామాన్లకు బూడిద రంగు సన్న కుంచెతో వేయాలి. వరస మారిస్తే మాస్కింగ్ టేపుతో నరకమే. లినోలియం మీది ఇత్తడి పట్టీలను కొందరు బంగారంలా మెరిపిస్తారు. ఈ సైజులో అది పెళ్ళిచీర జరీలా ఉంటుంది, వద్దు.

ఇక గాలి సంగతి. అక్టోబరు, నవంబరు వానల్లో చెన్నైలో సముద్రం పక్కనున్న తిరువాన్మియూర్, బెసెంట్ నగర్ లాంటి చోట్ల లాకర్ క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) కొడితే తెల్లగా పాలిపోతుంది. ద్రావకం ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలో తేమ దానిమీద చేరడమే కారణం. ఏసీ గదిలో గంట ఉంచి, పలచటి పూతలు వేయాలి. ఎయిర్‌బ్రష్ గొట్టానికి తేమ పట్టే ఫిల్టరు లేకపోతే రంగు మధ్యలో నీటిచుక్క ఉమ్ముతుంది. సూపర్‌గ్లూ కూడా తేమకు తొందరగా గట్టిపడి చుట్టూ తెల్లపొడి వదులుతుంది. ప్లాస్టిక్ అతుకులకు పలచటి సిమెంటే వాడాలి.

స్ప్రే డబ్బాలను విమాన పార్శిల్‌లో తీసుకోరు, ఊళ్ళోనే వెతుక్కోండి. కిట్ తెప్పించే ముందే రంగుల సంగతి తేల్చుకుంటే, పెట్టె అటక మీద ఏడాది పడి ఉండదు.