కొత్తవాళ్ళెక్కువున్న కాంట్రా డాన్స్‌కి ఏది పెట్టాలి: బేబీ రోజా, నైస్ కాంబినేషనా, కోరస్ జిగ్గా?

మా హాల్‌కి ఇరవై మందొస్తే అందులో పన్నెండు మంది కొత్తవాళ్ళే, ముగ్గురు నలుగురైతే పాపం ఫ్రెండ్స్ లాక్కొస్తే వచ్చినవాళ్ళు. అందుకే మొదటి గంటలో ఏ డాన్స్ పెట్టాలన్నదే పెద్ద తలనొప్పి.

తెలీనివాళ్ళకి చెప్తా. కాంట్రా అంటే అమెరికాలో న్యూ ఇంగ్లాండ్ వైపు బాగా పాతుకుపోయిన జంటల డాన్స్. రెండేసి జంటలు కలిసి 64 బీట్ల వరస చేస్తారు, అర నిమిషం పైన పడుతుంది, అవ్వగానే ఒక చోటు జరిగి ఇంకో జంటతో మళ్ళీ అదే. మన కోలాటం వేసినవాళ్ళకి ఈ జరగడం కొత్తేం కాదు. కాలర్, అంటే తర్వాత ఏం చెయ్యాలో పిలిచి చెప్పేవాడు, కాసేపు చెప్పి మెల్లగా ఆపేస్తాడు, ఆ తర్వాత కాళ్ళకే గుర్తుండాలి.

డేవిడ్ కేనర్ రాసిన బేబీ రోజ్ చాలామంది మొదటి ఛాయిస్. పక్కజంటవాళ్ళతో బ్యాలెన్స్ (చేతులు పట్టుకుని ముందుకీ వెనక్కీ అడుగు), స్వింగ్ (ఇద్దరూ పట్టుకుని గిరగిరా తిరగడం), నలుగురూ చేతులు పట్టుకుని ముప్పావు సర్కిల్, పార్ట్‌నర్‌తో డో-సి-డో (వీపులు ఎదురుగా ఒకరినొకరు చుట్టి రావడం), మళ్ళీ బ్యాలెన్స్, స్వింగ్, చివర చెయిన్ (జంటకొకరు చొప్పున ఇద్దరు మధ్యలో కుడిచేతులు కలిపి అటువైపు దాటి, అక్కడున్నవాళ్ళతో తిరగడం), ఎడంచేతి స్టార్ (నలుగురూ మధ్యలో ఎడంచేతులు కలిపి తిరగడం). చాలా బాగుంటుంది, కానీ 64లో 32 బీట్లు బ్యాలెన్స్, స్వింగ్‌కే పోతాయి, స్వింగ్ రానివాళ్ళకి మూడో రౌండ్‌కే కళ్ళు తిరుగుతాయి (పార్ట్‌నర్ మొహం చూడమని ఎంత చెప్పినా నేల చూస్తారు!).

జీన్ హ్యూబర్ట్ రాసిన నైస్ కాంబినేషన్‌లో మొదటి స్వింగ్ అవ్వగానే నలుగురూ ఒక లైన్‌గా హాల్ కిందికి, అంటే మ్యూజిక్ వాయించేవాళ్ళకి దూరంగా, నడిచి తిరిగొస్తారు, అదో 16 బీట్లు. ఆ నడకలోనే కొత్తవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, పక్కన ఎవరున్నారో చూసుకుంటారు, మ్యూజిక్ వింటారు. వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం జంటగా తిరగాలి, ఎవరికి వాళ్ళు తిరిగారంటే జంటలో కుడి ఎడమలు మారిపోతాయి, తర్వాత సర్కిల్లో గందరగోళమే. వాక్‌త్రూలో, అంటే మ్యూజిక్ లేకుండా ముందు నడిచి చూసుకునేటప్పుడు, దాన్ని రెండుసార్లు చేయిస్తే చాలు. ఆ తర్వాత పార్ట్‌నర్ స్వింగ్ కూడా 8 బీట్లే.

నా ఓటు నైస్ కాంబినేషన్ ముందు, బేబీ రోజ్ తర్వాత, రెండూ అదే సాయంత్రం. ఎందుకంటే రెండింటి చివరా ఒకటే, చెయిన్ తర్వాత ఎడంచేతి స్టార్, అక్కణ్ణించి కొత్త జంట దగ్గరికి. కష్టమైంది ఆ చెయినే కదా, మొదటి డాన్స్‌లో తడబడ్డవాళ్ళు రెండోదానికి "ఓ ఇది తెలుసు" అనుకుంటారు, అప్పుడు బుర్ర స్వింగ్ మీద పెట్టొచ్చు. అసలు చెయిన్‌కి ముందే సర్కిల్, స్టార్, డో-సి-డోతో ఓ సులువైన డాన్స్ వేయించడం తప్పనిసరి అనుకోండి.

కోరస్ జిగ్ పాతది, ట్యూన్ అదిరిపోతుంది, అది పెట్టమని పాతవాళ్ళు అడుగుతూనే ఉంటారు. కానీ అందులో పని దాదాపంతా ప్రతి రెండు జంటల్లో ఒకటో జంటదే, కాంట్రా కార్నర్స్ అని ఎవరికి కుడిచెయ్యి ఎవరికి ఎడంచెయ్యి ఇవ్వాలో గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది, రెండో జంట ఎక్కువసేపు నిలబడి చూస్తుంది. నిలబడి చూస్తూ నేర్చుకోవచ్చు నిజమే, పైన, అంటే మ్యూజిక్ వైపు, ఆడే జంటలకి బాగా వచ్చినప్పుడు. మా దగ్గర అలాంటివాళ్ళు నలుగురే, వాళ్ళు కిందికి జరిగిపోగానే పైన మిగిలేది పోయిన వారం వచ్చినవాళ్ళు. అందుకే ఇంకా పెట్టలేదు, అడిగినవాళ్ళు కొంచెం అలిగారు కూడా.