గుమ్మంలో స్తంభాలు, వంటింట్లో తెడ్లు

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, లేకపోతే నాకు కడుపుమంట చల్లారదు. లండన్ బేస్‌వాటర్‌లో మా ముగ్గురికీ ఒక గది, రాత్రికి 112 పౌండ్లు, మన లెక్కలో పన్నెండు వేల పైమాటే. గుమ్మానికి అటూ ఇటూ తెల్లటి గ్రీకు స్తంభాలున్న ఫొటో చూసి మా ఆయన ‘రాజమహల్‌లా ఉందే’ అని బుక్ చేసేశారు. తీరా వెళ్తే, సూట్‌కేస్ తెరవాలంటే మిగతా ఇద్దరూ మంచమెక్కి కూర్చోవాలి, బాత్రూమ్ తలుపు కమోడ్‌కి తగిలి సగమే తెరుచుకుంటుంది. ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఉంచుకోవడానికి పెట్టెకి 6 పౌండ్లట! ఇదేంటని అడిగితే రిసెప్షన్ కుర్రాడు తలెత్తకుండా గోడకి అంటించిన కాగితం చూపించాడు. బయటికొస్తూ మా ఆయన స్తంభం మీద వేలితో కొట్టి చూశారు. డొల్ల. ఇక ఆయన మాట్లాడితే ఒట్టు.

అదే మొహంతో 94 నంబరు బస్సెక్కి (మనిషికి 1.75 పౌండ్లు) హాలండ్ పార్క్ దగ్గర కాస్మిక్ హౌస్‌కి వెళ్లాం. పాత విక్టోరియన్ ఇంటిని, భవనాల తీరుతెన్నుల మీద పుస్తకాలు రాసిన చార్లెస్ జెంక్స్, ఆయన భార్య మ్యాగీ కెస్విక్, ఆర్కిటెక్ట్ టెర్రీ ఫారెల్‌తో కలిసి 1978 నుంచి 1983 దాకా తిరగరాసినట్టు మార్చారు, 2021 నుంచి చూడనిస్తున్నారు. ఇక్కడా పాలరాయి ఉత్తిదే, చెక్కపొడి బోర్డుకి వేసిన రంగు. కానీ ఆ సంగతి దాచరు, కన్ను గీటి మరీ చెబుతారు. మెట్లు 52, ఏడాదికి వారాల లెక్కన. అత్తయ్యగారు ‘నెలల లెక్కన పన్నెండు పెడితే పోయేదిగా’ అని మోకాళ్లు పట్టుకున్నారు. జాకుజీ, అంటే నీళ్లు బుడబుడలాడే స్నానాల తొట్టి అయితే, పాతకాలపు రోమ్ ఆర్కిటెక్ట్ బొరోమిని కట్టిన చర్చి గుమ్మటాన్ని తిరగేసి నీళ్లు పోసినట్టుంటుంది.

అన్నిటికంటే వంటిల్లు! పేరు ఇండియన్ సమ్మర్. గ్రీకు గుళ్లలో స్తంభాల పైన అడ్డంగా సాగే పట్టీ మీద మూడేసి నిలువు గీతలు చెక్కుతారు కదా, ఇక్కడ వాటి బదులు చెక్క గరిటెలు బిగించారు. అత్తయ్యగారు కాసేపు తేరిపార చూసి ‘అమ్మాయ్, ఇవి పప్పు తెడ్లే కదే, ఒకటి అడుగు’ అన్నారు. పొద్దున్నుంచీ బిగుసుకుపోయిన మా ఆయన గోడ పట్టుకుని మరీ నవ్వారు.

వెళ్లేవాళ్లు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, రోజూ తెరవరు. లాడ్జి మాత్రం గుమ్మం ఫొటో చూసి తీసుకోకండి, గది కొలతలు అడగండి. సాయంత్రం మూడు పెట్టెలకీ 18 పౌండ్లు కట్టి, ఆ డొల్ల స్తంభాన్ని దగ్గర్నుంచి ఫొటో తీసి, ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూలో పెట్టాను.