బ్యాటరీ కారుకు లైట్లు: రెడీమేడ్ కిట్ మేలా, ఈ-రిక్షా సామాను మేలా?

తిరుపతి చుట్టుపక్కల గోల్ఫ్ ఆడేవాళ్లు ఎందరో గానీ, గోల్ఫ్ కార్టులు మాత్రం బాగానే కనిపిస్తాయి. మనవాళ్ల నోట్లో అవి బ్యాటరీ కార్లు. క్యాంపస్‌లు, రిసార్టులు, చిత్తూరు పక్క పెద్ద మామిడి తోటలు, ఎక్కడైనా సరే, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండికి చాలాసార్లు లైట్లుండవు. పట్టపగలు మైదానంలో తిరగడానికి చేసిన బండి మరి. పొద్దుగూకాక తిప్పాలంటే హెడ్‌లైట్లు, ఇండికేటర్లు మనమే బిగించుకోవాలి. అందుకు రెండు దారులున్నాయి.

మొదటిది, ఆ మోడల్‌కే చేసిన కిట్. క్లబ్ కార్, ఈజీ-గో, యమహా బండ్లకు ఇలాంటివి వస్తాయి. ముందు లైట్లు, వెనక లైట్లు, వైరింగ్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. ఇండికేటర్లున్న కిట్ కావాలంటే చూసి అడగాలి, ఎందుకంటే చవక కిట్లలో అవి ఉండవు. బండి మూతికి కొలత పెట్టినట్టు కూర్చుంటాయి, చూడ్డానికీ బాగుంటాయి. చిక్కల్లా తర్వాతే. ఒక లైటు గోడకు తగిలి పగిలితే అదే లైటు మళ్లీ తెప్పించేదాకా బండి ఒంటికన్నుతో తిరగాల్సిందే.

రెండోది, ఈ-రిక్షా స్పేర్లు, బైకు ఇండికేటర్లు కలిపి కట్టుకోవడం. ఈ-రిక్షా కూడా సాధారణంగా 48 వోల్టుల బండే, కాబట్టి దాని కన్వర్టర్, అంటే 48 వోల్టులను లైట్లకు కావాల్సిన 12కు దించే డబ్బా, మన 48 వోల్టుల కార్టుకు పనికొస్తుంది. ఊళ్లో దొరక్కపోతే చెన్నై ఎంత దూరం? పాడైన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. అందం మాత్రం మెకానిక్ చేతిని బట్టి ఉంటుంది.

ఏ దారి పట్టినా, అసలు తేడా లైట్లలో లేదు, కరెంటు ఎక్కణ్ణుంచి తీస్తారన్న దాంట్లో ఉంది. "అన్నా, ఒక బ్యాటరీకి తగిలించేస్తే పన్నెండు వోల్టులు వచ్చేస్తాయి గదా" అనే మెకానిక్ తప్పకుండా తగులుతాడు. నాలుగు 12 వోల్టుల బ్యాటరీలున్న బండిలో వచ్చే మాట నిజమే, లైట్లూ వెలుగుతాయి. కానీ ఆ ఒక్క బ్యాటరీ రోజూ మిగతావాటికంటే ఎక్కువ ఖాళీ అవుతుంది. ఛార్జర్ నాలుగింటినీ కలిపే ఛార్జ్ చేస్తుంది కనుక దాని లోటు పూడదు. అది ముందుగా చచ్చి, మొత్తం సెట్టును వెనక్కి లాగుతుంది. ఆరు 8 వోల్టుల బ్యాటరీల బండిలోనైతే రెండింటికి తగిలిస్తే 16 వోల్టులు వస్తాయి, బల్బులు మాడిపోతాయి. కన్వర్టర్ మొత్తం సెట్టు మీద నుంచి లాగి 12 వోల్టులు ఇస్తుంది కాబట్టి భారం అన్నిటి మీదా సమంగా పడుతుంది. కిట్ కొన్నా ఇది విడిగా కొనాల్సి రావచ్చు, ముందే అడగండి. 48 వోల్టుల సెట్టు ఛార్జింగ్‌లో 60 కూడా దాటవచ్చు కనుక, అంతకంటే బాగా ఎక్కువ తట్టుకునేది తీసుకోవాలి.

హాలోజెనా, ఎల్ఈడీనా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. 55 వాట్ల హాలోజెన్ జత ఒక్కటే 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు లాగుతుంది, ఇక బ్రేక్ లైటుకూ హారన్‌కూ 10 ఆంపియర్ల కన్వర్టర్ చాలదు. 20 వాట్ల ఎల్ఈడీ జతకు మూడున్నర ఆంపియర్లు చాలు. పైగా అంత లైటూ నెమ్మదిగా పోయే బండికి సరిపోతుంది. కాకపోతే వాటిని కాస్త కిందికి వంచి బిగించండి. ఎదురుగా నడిచొచ్చే ముసలివాళ్ల కళ్లలో కొట్టే లైటు లేకపోవడమే నయం.

ఇండికేటర్లలో రెండు తిరకాసులున్నాయి. బైకుకూ ఆటోకూ చట్రమే ఎర్తు, అంటే నెగెటివ్ వైరు పని అదే చేస్తుంది. గోల్ఫ్ కార్టులో మామూలుగా అలా ఉండదు, బాడీ కూడా ప్లాస్టిక్కో ఫైబరో. కాబట్టి బైకు లైటు ఏది పెట్టినా నెగెటివ్‌కు వేరే వైరు కన్వర్టర్ దాకా లాగాల్సిందే. ఇక బల్బుల కోసం చేసిన పాత ఫ్లాషర్‌కు (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే ముక్క) ఎల్ఈడీ ఇండికేటర్లు తగిలిస్తే, అవి గబగబా కొట్టుకుంటాయి లేదా అసలు మెరవవు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేస్తే సర్దుకుంటుంది. కిట్లో ఈ రెండూ కంపెనీవాళ్లే చూసుకునుంటారు. దాని ధరలో సగం ఈ నిశ్చింతకే అనుకోవచ్చు.

నన్నడిగితే, రోజంతా తిరిగే క్యాంపస్ బండికి, తోట బండికి ఈ-రిక్షా సామానే మేలు. మంచి కన్వర్టర్, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, నీళ్లు దూరని కనెక్టర్లు ఉండాలి, ఎందుకంటే మన పక్క అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అతిథులు ఎక్కే రిసార్టు బండి, అదీ పైన చెప్పిన మూడు కంపెనీలదైతే, కిట్టుకే డబ్బు పెట్టండి. అయితే ఏది బిగించినా, రిజిస్ట్రేషన్ లేని బండి గేటు దాటి రోడ్డెక్కకూడదు.