17 రేకుల కలింబా: కొన్నేళ్లు వాయించాక

కలింబా అంటే బొటనవేళ్లతో లోహపు రేకులు మీటి వాయించే ఆఫ్రికా మూలాల బుల్లి వాద్యం. ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా కనిపించే రకమే నాదీ: చెక్క పెట్టె, మధ్యలో గుండ్రటి రంధ్రం, స్టీలు రేకులు, సి మేజర్ శ్రుతి. కొత్త మోజు ఎప్పుడో తీరిపోయింది, వాయించడం మాత్రం మానలేదు.

నడిమి పొడుగు రేకు స. దానికి ఎడమన రి, కుడిన గ, మళ్లీ ఎడమన మ, ఇలా స్వరాలు అటూ ఇటూ సర్దుకుంటాయి. సరిగమలు వాయిస్తే రెండు బొటనవేళ్లూ వంతులేసుకుంటాయి. కుడివైపు ఒకే వేలిని జారిస్తే గ, ప, ని కలిసి మోగుతాయి. సంగీతం రానివాళ్లు మీటినా బాగానే వినిపించేది అందుకే. మ, ని వదిలేస్తే మోహన రాగం స్వరాలు, మ, ద వదిలేస్తే హంసధ్వని స్వరాలు. మ రేకునే షడ్జం అనుకుంటే కల్యాణి మెట్లు దొరుకుతాయి. మెట్లే సుమా! గమకం (స్వరాన్ని ఊపడం) పలకదు కాబట్టి రాగం ఆశించకండి.

చివరి రెండు మూడు పొట్టి రేకులు మోగవు, టక్కుమంటాయి. చౌక పెట్టెల్లో ఇది మామూలే. శ్రుతి కూడా మెల్లగా జారుతుంది. ట్యూనర్ యాప్ పెట్టుకుని, కూడా ఇచ్చే బుల్లి సుత్తితో పైకొస మీద తడితే రేకు మనవైపు జరిగి స్వరం తగ్గుతుంది, కింది కొస మీద తడితే పెరుగుతుంది. వెంట్రుకవాసి జరిగినా తేడా తెలిసిపోతుంది.

ఒక రేకు జివ్వుమంటుంటే బ్రిడ్జి (రేకులు ఆనుకునే కడ్డీ) దగ్గర దాని కింద సన్నటి కాగితం ముక్క దూర్చి ఆపాను. జింబాబ్వేలో షోనా ప్రజలు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కలింబా లాంటిదే అయిన వాళ్ల వాద్యం మ్‌బిరాకి గవ్వలో సీసా మూతలో కావాలనే బిగిస్తారు, ఆ జివ్వు కోసమే. ఎండు సొరకాయ బుర్రలో అమర్చి, హోషో గిలకల తోడుతో, పూర్వీకులను పిలిచే బీరా వేడుకలో రాత్రంతా వాయిస్తారు. తంబూరా తీగల కింద దారం జరిపి జీవ (ఆ జుమ్మనే నాదం) తెప్పించే మనకి ఇదేం వింత కాదు. 1950ల్లో దక్షిణాఫ్రికాలో సంగీత పరిశోధకుడు హ్యూ ట్రేసీ పాశ్చాత్య శ్రుతికి అమర్చి అమ్మకానికి తెచ్చిన కలింబాలో ఆ మూతలు లేవు. నా పెట్టె దాని వారసురాలే. శుభ్రంగా మోగుతుంది, కాస్త చప్పగా కూడా.

అసలు రుచి కావాలంటే జింబాబ్వే గాయకుడు థామస్ మాప్‌ఫుమో పాటలు వినండి, మ్‌బిరా వరసలని ఎలక్ట్రిక్ గిటార్ మీదికి తెచ్చాడు. కాంగో రాజధాని కిన్షాసాకి చెందిన బృందం కొనోనో నంబర్ వన్ అయితే లికెంబేని (అక్కడి కలింబా లాంటి వాద్యం) యాంప్లిఫైయర్‌కి తగిలించి బరబరలాడించింది.

కొనేవాళ్లకి ఒక్క మాట: పై స్వరాలు ముఖ్యమైతే బోలు పెట్టె కాకుండా ఒంటి పలక రకం చూడండి. బొటనవేలి గోరు కాస్త పెంచండి, లేకపోతే మొదటి వారంలోనే బొబ్బలు.