లంక భూముల కోతను చూపే ఉచిత పటం: గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ సమీక్ష

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న కోనసీమ వారిలో గోదావరి లంకల్లో తాతల నాటి కొబ్బరి తోటలో, కూరగాయల చేలో ఉన్న కుటుంబాలు తక్కువేమీ కావు. వరద తీసిన తరువాత ఒడ్డు ఎంత కోసుకుపోయిందో ఊళ్లోవాళ్లు ఫోనులో చెబితే తప్ప తెలియని అటువంటి వారికి ఈ వెబ్ పటం పనికివస్తుంది. అయితే దీని కొలత ఎంత వరకు నమ్మదగినదో తెలుసుకుని వాడాలి.

యూరోపియన్ కమిషన్‌కు చెందిన జాయింట్ రీసెర్చ్ సెంటర్ దీన్ని తయారుచేసింది. లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1984 నుంచి తీసిన లక్షలాది చిత్రాలను పరిశీలించి, భూమి మీద ఏ చోట ఎప్పుడు నీరుందో, ఎప్పుడు నేల తేలిందో ఇందులో లెక్కగట్టారు. ఖాతా తెరవనక్కరలేదు, రుసుము లేదు.

నది కదలికను పట్టుకోవడానికి ఇందులోని పొరలన్నిటిలోకీ నీటి మార్పును చూపే పొర ముఖ్యమైనది. ఇది 1984–1999 కాలాన్ని 2000 తరువాతి కాలంతో, ఏ నెలను ఆ నెలతోనే జతచేసి పోలుస్తుంది కాబట్టి శ్రావణ మాసపు నిండు గోదావరిని చైత్రంలోని గోదావరి పక్కన పెట్టి కంగారుపడే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. నీరు పెరిగిన చోటు ఆకుపచ్చగా, తగ్గిన చోటు ఎర్రగా కనిపిస్తుంది. రైతు కంటికి ఇది తలకిందుల వ్యవహారం, ఎందుకంటే ఇక్కడ ఆకుపచ్చ పట్టీ పచ్చని చేను కాదు, ఏట్లో కలిసిపోయిన చేను. ఒక ఒడ్డున ఆకుపచ్చ, ఎదుటి ఒడ్డున ఎరుపు సమాంతరంగా సాగితే పాయ ఇటు జరిగి అటు మేట వేసిందని గ్రహించాలి. ఇసుక తవ్విన గుంటల్లో నీరు నిలిచినా ఆకుపచ్చే వస్తుంది గనుక ఆ చోటును మామూలు ఉపగ్రహ చిత్రంలో కూడా చూసి నిర్ధారించుకోవడం మంచిది. కొత్తవారు ముందుగా అస్సాంలోని మాజులి ద్వీపాన్ని చూడాలని నా సలహా; బ్రహ్మపుత్ర అక్కడ చేసిన మార్పులు ఎంత పెద్దవంటే రంగుల భాష వెంటనే అలవాటవుతుంది.

ఇక పరిమితులు. ఈ పటంలో ఒక గడి 30 మీటర్ల చదరం, అంటే సుమారు 22 సెంట్ల నేల. ఒక వరదకు ఒడ్డు నాలుగైదు మీటర్లు విరిగిపడితే రైతుకు అది పెద్ద నష్టమే అయినా ఈ పటానికి ఆనదు. నేను వాడిన సంచిక 2021తో ఆగిపోయింది. భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరిన 2022 జూలై వరద తరువాతి కోత అందులో ఉండదు. పైగా నీటి అంచు, ఒడ్డు అంచు ఒకటి కావు: ధవళేశ్వరం దిగువన ఎండాకాలంలో ఇసుక తిన్నెలు బయటపడి నీరు ఒడ్డుకు దూరంగా జరుగుతుంది. అసలు ఒడ్డు చెట్లూ చేలూ మొదలయ్యే గీత దగ్గర ఉంటుంది, దాన్ని ఈ పటం గీయదు. నీటిని మొక్కలు కప్పేసిన చోటా ఇలాంటి చిక్కే ఉంది. మన బెంగళూరు బెల్లందూరు చెరువు మీద గుర్రపుడెక్క అల్లుకున్న రోజుల్లో పైనుంచి తీసిన చిత్రంలో కనిపించేది ఆకులే గాని నీరు కాదు.

కాబట్టి లంక భూమి కొనబోయేవారు నది మూడు నాలుగు దశాబ్దాలుగా ఎటు మొగ్గుతోందో చూసుకోవడానికి దీన్ని తప్పక తెరవాలి. హద్దుల తగాదాకు మాత్రం సర్వేయరు కొలతే కావాలి. ఇటీవలి సంవత్సరాల కోతకు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడి గడి 10 మీటర్లు, అంటే సుమారు రెండున్నర సెంట్లు. ఏటా ఒకే నెల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. వరద రోజుల్లో మబ్బు పట్టి అవీ పనిచేయనప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రాలు మబ్బుల గుండా నీటి విస్తీర్ణాన్ని చూపుతాయి, కాకపోతే ఆ నలుపు తెలుపు చిత్రాలను చదవడానికి కొంత సాధన అవసరం.