పాత మోడల్ రైలింజన్లు: పెట్టె ఒకరిది, డ్రైవ్ ఇంకొకరిది

చాలా ఏళ్లుగా సెకండ్‌హ్యాండ్ హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ ఇంజన్లే కొని నడుపుతున్నాను. ఎక్కువగా 1970, 80ల నాటి సరుకు. వీటికి రేటింగ్ ఇవ్వాల్సి వస్తే పెట్టె మీద బ్రాండ్‌కి ఇవ్వడం దండగ. లోపలి మోటారు, గేర్లు ఎవరు చేశారో వాళ్లకివ్వాలి. ఎందుకంటే ఆ రోజుల్లో అమ్మేది ఒకరు, చేసేది ఇంకొకరు. అమెరికాలో అట్లాస్ పేరుతో వచ్చిన డీజిల్ ఇంజన్లనే తీసుకోండి. 70లలో వాటిని చేసిపెట్టింది ఆస్ట్రియా కంపెనీ రోకో. 80ల మధ్యలో వచ్చిన ఆర్‌ఎస్-3 లాంటివి జపాన్ కాటో చేసినవి. తర్వాత పని చైనాకు వెళ్లింది. పేరు మారలేదు, నడక మాత్రం పూర్తిగా మారింది.

ఏహెచ్‌ఎం సంగతి ఇంకా గందరగోళం. అది దిగుమతి చేసుకుని అమ్మిన కంపెనీ. ఇటలీ రివరోసి, ఆస్ట్రియా రోకో, యుగోస్లావియా మెహానో, ఇలా అందరి సరుకూ ఒకే పేరుతో అమ్మేసింది. 'ఏహెచ్‌ఎం బాగుంటుందా?' అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఎవరు చేసిన ఏహెచ్‌ఎం?

చేతికి రాగానే ఇంజన్‌ను మెత్తటి గుడ్డ మీద బోర్లించి అడుగు చూస్తాను. చాలాసార్లు దేశం పేరు ఇంధన ట్యాంకు కిందే అచ్చుపోసి ఉంటుంది. ఆస్ట్రియా అని ఉంటే చాలావరకు రోకో, ఇటలీ అయితే రివరోసి గానీ లిమా గానీ, యుగోస్లావియా అయితే దాదాపుగా మెహానో. కాలం కూడా అక్కడే తెలిసిపోతుంది. 'పశ్చిమ జర్మనీ' అని ఉంటే అచ్చు 1990కి ముందుదే. మెహానో ఉన్న ఇజోలా ఊరు స్లొవేనియాలో ఉంది, 1991లో అది యుగోస్లావియా నుంచి విడిపోయి వేరే దేశమైంది కాబట్టి స్లొవేనియా అని ఉంటే కొత్త సరుకు. కాకపోతే ఒకదాని షెల్ (పై తొడుగు) ఇంకోదాని చాసిస్ (అడుగు చట్రం) మీద బిగించి అమ్మేవాళ్లూ ఉన్నారు, అందుకని దీనొక్కదాన్నే నమ్ముకోకూడదు.

తర్వాత చక్రాన్ని వేలితో తిప్పుతాను. అసలు కదలకపోతే వార్మ్ గేర్ (మరలాంటి గేరు) ఉన్నట్టు. కొంచెం బరువుగా తిరుగుతూ, లోపల మోటారు కూడా దానితో తిరుగుతున్నట్టు వేలికి తెలిస్తే మామూలు పళ్ల చక్రాలతో నడిచే రకం. ట్రక్కు (చక్రాలు బిగించిన చట్రం) లోపలే బల్లపరుపుగా, గుండ్రంగా ఉండే పాన్‌కేక్ మోటారు వీటికి గుర్తు. లిమా మోటార్లు, హార్న్‌బీ కంపెనీ రింగ్‌ఫీల్డ్ మోటార్లు ఈ కోవలోవి.

వార్మ్ గేర్ అని తేలితే షెల్ తీయక తప్పదు. ఒక్కో ట్రక్కు మీద చిన్న టవర్, దాని నెత్తిన వార్మ్, మోటారు పైనుంచి ఈ చివరికీ ఆ చివరికీ పొడవాటి లోహపు పట్టీ కనిపిస్తే అది అమెరికా కంపెనీ అథర్న్ నీలం పెట్టెల్లో అమ్మిన 'బ్లూ బాక్స్' ఇంజన్, లేదంటే దాన్ని చూసి చేసింది. ఒక పట్టాలోంచి వచ్చే కరెంటు ఆ పట్టీ గుండా, రెండోది ఫ్రేమ్ గుండా మోటారుకు చేరుతుంది. లోపల గేర్లకు బదులు రబ్బరు బ్యాండ్లు కనిపిస్తే కంగారు పడకండి. అది 1950ల నాటి అథర్న్ హై-ఎఫ్ డ్రైవ్. అల్మరాలో పెట్టుకుని చూసుకోవడానికి బాగుంటుంది.

ఈ గుర్తుపట్టడం ఎంత పనికొస్తుందో ఒక ఇంజన్‌తో బాగా తెలిసింది. మంచి పేరున్న బ్రాండే, పేరు ఎందుకులెండి. చక్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా టక్, టక్ అని కుదుపు. విప్పి భూతద్దంతో చూస్తే ఇరుసు దూర్చిన ప్లాస్టిక్ గేరు ఒకచోట వెంట్రుకంత చీలి ఉంది. చీలిన చోట రెండు పళ్ల మధ్య సందు పెరిగి, పక్క గేరు పన్ను అక్కడ ఎక్కి దిగుతోంది. ఆ కంపెనీ విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. కానీ ట్రక్కు అమరిక చూస్తే అచ్చం అథర్న్ పద్ధతే. అథర్న్ ఇరుసు గేర్లు తెచ్చి వేస్తే చక్కగా సరిపోయాయి, ఇప్పటికీ నడుస్తోంది. బ్రాండ్ పేరుతోనే వెతుకుతూ కూర్చుంటే ఈపాటికి దాన్ని తుక్కులో వేసేవాణ్ణి.

ఇక వాడకంలో ఎలా ఉన్నాయంటారా? నా ఓటు కాటోకే. నిద్రపోతున్న పిల్లల పక్కన కూడా నడుపుకోవచ్చు, అంత నిశ్శబ్దం. పట్టాల మీద పాకుతున్నట్టు మెల్లగా బయల్దేరుతుంది. రోకోది మొండి లాగుడు, పొడవాటి గూడ్సు తగిలించినా వెనకాడదు. రొద మాత్రం పాత మిక్సీలాగే. అథర్న్‌కు చావు లేదు, శుభ్రం చేసి చుక్క నూనె వేస్తే చాలు. దాని పాత సింటర్డ్ (లోహపు పొడిని అదిమి చేసిన) చక్రాలకు మురికి తొందరగా పడుతుంది, నికెల్ సిల్వర్‌వి మార్చుకుంటే ఆ బాధ ఉండదు. రివరోసి ఆవిరి ఇంజన్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ పాతవాటి ఫ్లాంజ్ (చక్రం లోపలి అంచు) లోతు ఎక్కువ. ఎత్తు ఎక్కువున్న కోడ్ 100 పట్టాలకు పర్వాలేదు, పొట్టివైన కోడ్ 70 మీద మేకుల తలలు తగులుతాయి.

బ్రిటిష్ ఓఓ సైజు మోడళ్లు నడిపేవాళ్లకూ ఒక మాట. 1976లో మొదలైన మెయిన్‌లైన్ బ్రాండ్ ఇంజన్లు హాంకాంగ్ కేడర్ చేసినవి. 1987లో ఆ కేడరే మోడల్ రైళ్ల కంపెనీ బాక్‌మాన్‌ను కొనుక్కుంది. అందుకే తొలినాటి బాక్‌మాన్ బ్రాంచ్‌లైన్ ఇంజన్లు కొన్నింటిని విప్పితే మెయిన్‌లైన్ చాసిస్సే ఎదురవుతుంది. లోపల తీగల కోసం వెతక్కండి. చాసిస్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క ఒక్కో పట్టా కరెంటు మోస్తుంది. డీసీసీ డీకోడర్ (ఇంజన్‌ను డిజిటల్‌గా నడిపే చిన్న సర్క్యూట్) పెట్టాలనుకుంటే తలనొప్పే. బ్లూ బాక్స్ నయం, మోటారు కింది బ్రష్ క్లిప్ (మోటారుకు కరెంటు అందించే క్లిప్) ఫ్రేముకు తగలకుండా చేసి, అక్కడికో తీగ ఇస్తే పనైపోతుంది. ఆ పని మాత్రం ముందే చేయాలి, లేకపోతే డీకోడర్ కాలిపోతుంది.

ఇప్పుడు ఎవరి దగ్గర కొన్నా ముందు అడుగువైపు ఫొటో అడుగుతున్నాను. పెట్టె ఫొటోలు నాలుగు పంపి, అడుగువైపుది పంపడానికి నసిగేవాళ్ల దగ్గర కొనడం మానేశాను.